పడు (క్రియ)

పడు : తెలుగు నందలి ప్రాచీన దేశ్య క్రియలలో నొకటి. పైనుండి క్రిందికి వచ్చుట దీని మూలార్థమైనను, సంభవించుట, లభించుట, అనుభవించుట, ఒప్పుట, వెల యగుట మొదలగు పెక్కర్థములయందు నిత్యవ్యవహారమున నున్నది. తమిళ కన్నడములందును ఈ ధాతువు కలదు. కాని కన్నడమున క్రిందికి జారుటకు ‘బీళు’ అను వేఱొక క్రియ యుండుటచే అచ్చట ‘పడు’ ప్రధానముగా అనుభవార్థమునకే నిలిచినది. తెలుగున రెండర్థములును ఒక్క క్రియయందే యిమిడినవి. నల్లమల తూర్పు పార్శ్వమున, వానను భూగర్భజలమును నమ్మి జీవించు గిద్దలూరు, కంభము, మార్కాపురము సీమలో ఈ క్రియకు గల ప్రాధాన్యము విశేషమైనది గావున ఇచ్చట ఆ ప్రాంతవ్యవహారము ముఖ్యముగా వివరింపబడుచున్నది.

గ్రంథములందు పడెను, పడియెను, పడును, పడదు అను రూపములు కానవచ్చును. గిద్దలూరు 1970లో ప్రకాశము జిల్లా యేర్పడువఱకు కర్నూలు జిల్లాలోని దగుటచే, ‘పడినాయి’ అను రాయలసీమ రూపమును, ‘పడ్డాయి’ అను కోస్తా రూపమును ఇచ్చట ఒక్క సంతలోనే వినవచ్చును. నామములతో గూడి భయపడు, సిగ్గుపడు, ఆశపడు, స్థిరపడు మున్నగు సమాసక్రియ లేర్పడును; కనబడు, నిలబడు, తడబడు మొదలగువానియందు పకారము బకారమైనది. కర్మార్థమున ఈ ధాతువు మఱొక క్రియకు అనుప్రయుక్తమగునని చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) విధించినది. ఆ ప్రయోగము పుస్తకములకు, కార్యాలయముల కాగితములకు తగినదే కాని పల్లెల నోట నిలిచినది కాదు. గుండ్లకమ్మపై నున్న కంభము చెరువు విజయనగర రాణి వరదరాజమ్మచే కట్టబడెనని వ్రాయుదురు. ఆ చెరువు క్రింది రైతు మాత్రము ‘వరదరాజమ్మ కట్టించిన చెరువు’ అనును. రైతు పలుకుబడియే భాషాస్వభావమునకు దగ్గఱ.

ఈ క్రియ సంపూర్ణశక్తితో కానవచ్చునది నీటి విషయమున. వాన పడుట సర్వాంధ్రసాధారణము. బోరుబావి వేయించునప్పుడు పలుకు ‘నీళ్ళు పడినాయి’ అను మాటయందు మాత్రము ఒక విశేషము గమనింపదగియున్నది: ఆ నీరు అడుగునుండి పైకి వచ్చును, అయినను దానిని లేచినదనరు, పడినదనియే యందురు. పతనార్థము పూర్తిగా తొలగి ఇచ్చట లభించుట యను అర్థమే మిగిలినది. వలలో చేప పడుటయు, నేటి వాడుకలో బ్యాంకు ఖాతాలో డబ్బులు పడుటయు ఈ కోవలోనివే. ఈ ప్రాంతమున పలకరాయియు తత్సంబంధములైన గట్టి శిలలును పొరలుగా నుండుటచే నీరు ఆ పొరల సందులలోను, పగుళ్ళలోను మాత్రమే నిలుచును; ఒక చేనిలో పడిన నీరు ప్రక్కచేనిలో పడకపోవుటకు కారణమిదియే. బోరుబండి చప్పుడు మొదలైనది మొదలు ఆ యింటివారందఱును గట్టుమీదనే కాచుకొని యుందురు. ముందు రాతిపొడి బూడిదవన్నె దుమ్మై లేచును. పిదప ఆ దుమ్ము తడిసి గొట్టము చుట్టును బురదగా పేరుకొనును, దానిని చేతికి తీసికొని వ్రేళ్ళతో నలిపి చూచువారు కలరు. నీరు ఎగజిమ్మినంతనే ‘పడినాయి’ యను కేక పొలము దాటి వినవచ్చును. ఎంత పడినవన్న ప్రశ్నకు సమాధానము అంగుళములలో వచ్చును: అంగుళము, అంగుళమున్నర, రెండంగుళములు. నీరు రానిచో ‘పడలేదు’ అను ఒక్క మాటతో సరిపుచ్చుదురు. ఆ బోరుకై తెచ్చిన అప్పు తీర్చుటకు ఏండ్లు పట్టుట కలదు.

బోరును మనుష్యుడు ‘వేయును’, నీరు తనంతట ‘పడును’. కర్త సంకల్పముతో నిమిత్తము లేక వచ్చిపడు దానిని చెప్పుటయే ఈ క్రియయొక్క బహ్వర్థములను కలుపు సూత్రమని తోచుచున్నది. శిక్ష పడుట, భారము మీద పడుట, జబ్బుపడుట యిట్టివి. పాటుపడుట, కష్టపడుట అనువానియందు సంకల్పమున్నను శ్రమను భరించుటయే ప్రధానము. శ్రీశైల జలాశయమునుండి సొరంగముల ద్వారా కృష్ణాజలములను ఈ మెట్టసీమకు తెచ్చుటకై తలపెట్టిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టును గూర్చి మాటాడునప్పుడు ‘నీళ్ళు ఎప్పుడు వస్తాయి’ అని యడుగుదురే గాని ‘పడతాయి’ అనరు. మనుష్యుడు తేవలసిన నీటికి, తనంతట లభించు నీటికి క్రియాభేద మిట్లు స్పష్టముగా నున్నది.

సేద్యపు లెక్కలయందలి ముఖ్యపదములును ఈ ధాతువునుండి పుట్టినవే: పెట్టుబడి, దిగుబడి, రాబడి, గిట్టుబాటు. మిరపకాయలకు గాని కందులకు గాని ‘క్వింటాలు ఎంత పడింది’ యన్నచో కొన్నవానికి అయిన వెల యని యర్థము. ‘ధర పడిపోయింది’ యన్నచో అమ్మువానికి నష్టము.

‘పోవు’ చేరినంతనే అర్థము మాఱుటకు మఱొక నిదర్శనము: మాట పడుట నింద సహించుట, మాట పడిపోవుట రోగముచే వాక్కు పోవుట. వ్యతిరేకరూపమైన ‘పడదు’ పొత్తు కుదరమిని, ఆహారము ఒంటికి సరిపడమిని తెలుపును. ‘గంట పడుతుంది’ యనునది ఈ క్రియ కాదు. అది ‘పట్టు’ ధాతువు యొక్క వ్యావహారికరూపము, భూతకాలమున ‘గంట పట్టింది’ యగుటయే దానికి సాక్ష్యము. పరభాషీయులకు తెలుగు నేర్పువారు ఈ భేదమును మొదటనే చెప్పుట మేలు.

బ్రౌను నిఘంటువు 1852లో ముద్రితమైనది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వ్యవసాయ పదములకు మాండలిక వృత్తిపదకోశము 1962లో వెలువడినది. బోరుబండ్లు పల్లెపల్లెకు విస్తరించుట ఆ తరువాతి మాట. కావున బోరు వేయించు రైతులు, బోరుబండి కూలీలు, కొబ్బరికాయతో జలము చూచువారు నేడు పలుకు మాటలను ఈ సీమ ఉపాధ్యాయులును విద్యార్థులును పొలములకే వెళ్ళి సేకరించి, ప్రయోగవాక్యములతో సహా వ్రాసి యుంచవలెను.