తోగెకి: ఆటశాలల మహోత్సవము

జయంతి సంచికలు సామాన్యముగా బ్రతికియున్న సంస్థలకే వెలువడుచుండును. ఇరువదియైదేండ్లో ఏబదియేండ్లో నిండిన సంస్థ తన వ్యవస్థాపకుల చిత్తరువులను అచ్చొత్తించి, పెద్దల ఆశీస్సులను ముందు నిలిపి, చందాదారుల పట్టికతో ముగించుట పరిపాటి. జపానుదేశమున 2003వ సంవత్సరమున ఆరంభమై, ఏటేట జరుగుచు, 2012లో పదియవ ఉత్సవముతో నిలిచిపోయిన తోగెకికి అట్టి భాగ్యము పట్టలేదు. అయినను ద్వంద్వయుద్ధపు వీడియో ఆటలను గూర్చి జపానులో నలుగురు కూడిన చోట నేటికిని ఆ పేరు దొరలకుండ ప్రసంగము సాగదు గనుక, ఆ మొదటి పోటీ జరిగి రెండు దశాబ్దములు దాటిన యీ తరుణమున దాని చరిత్రకు ఈ సంచికలో కొన్ని పుటలు కేటాయించుట అసంగతము కాదని సంపాదకులు తలచిరి. నా యభిప్రాయమును అదియే.

విదేశీయులు సూపర్ బ్యాటిల్ ఒపెరా యని వ్యవహరించిన యీ ఉత్సవమును నెలకొల్పినది ఆటలను తయారుచేయు సంస్థ కాదు, ప్రభుత్వము కాదు, క్రీడాసంఘము కాదు, ఒక మాసపత్రిక. ఆటశాలలలోని యంత్రముల ఆటలకే అంకితమై 1986 నుండి వెలువడుచుండిన గేమెస్ట్ అను పత్రిక, ప్రకాశకులు దివాలా తీయుటచే 1999లో మూతపడగా, ఆ లోటును పూరించుచు అదే కాలమున ఆర్కేడియా యను పత్రిక తలయెత్తెను. ఎంటర్‌బ్రెయిన్ సంస్థ ప్రచురించిన యీ పత్రికయే తోగెకికి జనని. గేమెస్ట్ దినములనుండియు ఇట్టి పత్రికలలో ఒక సంప్రదాయముండెడిది: ఏ ఊరి ఏ దుకాణమున ఎవడు ఏ ఆటలో ఎన్ని పాయింట్లు సాధించెనో దేశవ్యాప్తముగా సేకరించి ప్రతినెల పట్టికలుగా అచ్చువేయుట. కొత్తవానికి ఆ పుటలు నీరసముగా తోచవచ్చును గాని, నా దృష్టిలో తోగెకికి పునాదిరాళ్ళు అవియే. హొక్కయిదో మంచునేల మొదలు క్యూషూ దక్షిణాగ్రము వరకు ఏ పట్టణమున ఏ ఆటశాల కలదో, అందు నమ్మదగిన నిర్వాహకుడెవరో, ఏ ఆటకు అక్కడ ఆదరము మెండో ఎరిగిన కార్యాలయము దేశమంతటను పత్రికా కార్యాలయమొక్కటియే యైనప్పుడు, ప్రాథమిక పోటీలను దుకాణములకే అప్పగించి అంతిమ పోటీని తాము నడుపుదమను ఆలోచన వారికి కలుగుటలో ఆశ్చర్యమేమున్నది?

ఆ దుకాణము ఎట్టిదో తెలిసినగాని తోగెకి స్వరూపము బోధపడదు. 1991లో క్యాప్‌కామ్ సంస్థ స్ట్రీట్ ఫైటర్ 2 అను ఆటను విడుదల చేసిన పిమ్మట, ఇద్దరు ఒకే పెట్టెముందు భుజము భుజము రాచుకొని కూర్చుండి ఆడుట జపానీయుల మొగమాటమునకు అడ్డు వచ్చెను కాబోలు, రెండు యంత్రములను వీపునకు వీపు చేర్చి లోపల తీగలతో కలుపు పద్ధతి అచట స్థిరపడెను. ఇటు కూర్చున్నవానికి అటు కూర్చున్నవాడు కనబడడు; తెరమీద వాని పాత్ర మాత్రమే కనబడును. వచ్చినవాడు నూరు యెన్‌ల నాణెమును రంధ్రమున జారవిడిచినంతనే సవాలు చేసినట్లు. ఓడినవాడు మరల ఆడగోరెనేని ఇంకొక నాణెము వేయవలెను, లేదా లేచి వెనుక నిలుచున్నవానికి చోటీయవలెను. గెలిచినవాడో, ఆ మొదటి నాణెముతోనే ఎందరు వచ్చినను ఎదుర్కొనుచు సాయంకాలము వరకు కదలనక్కరలేదు. చేతుల తీరు సైతము చూడదగినదే. కొందరు ఎడమచేతిని వెల్లకిల త్రిప్పి, లివరు కాడను మధ్యమ అనామికల నడుమ ఇమిడించి, గుండును అరచేతి గుంటలో ఆనించుకొందురు. దీనికి ఆటగాండ్రలో వైన్ పట్టు అని పేరు. మరికొందరు పైనుండి గుండును కప్పి పట్టుదురు. కుడిచేయి ఆరు బటన్లపై తేలియాడుచుండును. ఏ పట్టు మేలైనదను వివాదము మూడు దశాబ్దములనుండి తెగలేదు, తెగునట్లును లేదు.

ఒక్కొక దుకాణమున ఒక్కొక గురుపీఠము వెలసినది. 1994లో సేగా సంస్థ వర్చువా ఫైటర్ 2ను వెలువరించిన దినములలో పేరుమోసిన వీరులు షింజుకు జాకీ, ఇకెబుకురో సారా, కషివా జెఫ్రీ యని పిలువబడిరి. మొదటి మాట వారు ఆడు పేట, రెండవది వారు ఎన్నుకొను పాత్ర. మన తాలింఖానాలలో పహిల్వానును ఊరిపేరుతో పిలుచు వాడుక వంటిదే యిది. అసలు పేరుతో ఎవరికిని పనిలేదు. ఒక పేటవాడు మరియొక పేటకు పోయి అక్కడివారిని గెలుచుట చిన్న సంఘటన కాదు; మరునాటికి నగరమంతయు ఆ వార్త ప్రాకెడిది. టోక్యోలోని షింజుకు దుకాణములకును, క్యోటోలోని ఏ-చో ఆటశాలకును దూరప్రాంతముల యువకులు సెలవుదినములలో యాత్రగా పోవుట కలదు.

ఈ పేటల గర్వమునకు ఒక జాతీయ వేదిక కల్పించుటయే తోగెకి చేసిన పని. అంతకు మునుపు జాతీయ పోటీలు లేకపోలేదు. 1993లో క్యాప్‌కామ్ వారు సుమో మల్లయుద్ధములకు నెలవైన ర్యోగోకు కొకుగికాన్‌లోనే స్ట్రీట్ ఫైటర్ పోటీ నడిపిరి. అయితే అవి ఒక్కొక కంపెనీ తన సరుకును ప్రకటించుకొనుటకు జరిపినవి. తోగెకిలో సేగా వారి వర్చువా ఫైటర్ పక్కనే నామ్‌కో వారి టెక్కెన్, క్యాప్‌కామ్ వారి ఆటల పక్కనే ఆర్క్ సిస్టమ్ వర్క్స్ వారి గిల్టీ గేర్ నిలిచినవి. ఆ పట్టికలో ఔత్సాహికుల సృష్టికిని చోటు దొరకినది: మెల్టీ బ్లడ్ అను ఆట 2002లో కొందరు అభిమానులు స్వయముగా చేసికొని అమ్ముకొనిన కంప్యూటరు ఆటగా పుట్టి, ఆటశాలలకెక్కి, పిమ్మట తోగెకి వరకు వచ్చెను. కొత్తదే గొప్ప యను నియమము లేకుండుట నాకు మిక్కిలి నచ్చిన విషయము. 1994 నాటి సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 ఎక్స్, 1999 నాటి స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్ తోగెకి రంగమున ఆడబడినవి. ఏలనగా దుకాణములలో వానిముందు ఇంకను జనము నిలుచుచుండిరి, అంతకన్న వేరు ప్రమాణము అక్కరలేకపోయెను.

నియమములును దుకాణమునుండి వచ్చినవే. పోటీ ప్రధానముగా ఆటశాలల యంత్రములపై జరుగవలెను. పెక్కు ఆటలలో ఇద్దరో ముగ్గురో కూడిన జట్లు దిగవలెను. ఒక్కసారి ఓడిన జట్టు ఇంటికి పోవలెను. అమెరికాలోని ఈవో ఉత్సవమున రెండుమారులు ఓడినగాని నిష్క్రమణ లేదు. వారు 2004 నుండి ఆటశాలల యంత్రములను విడిచి గృహయంత్రములకు మారిరి కూడ. అందుచే అక్కడినుండి వచ్చినవారికి తోగెకి పద్ధతి నిర్దయముగా తోచెను. కొన్ని యేండ్లు ఈవో విజేతలకు తోగెకి అర్హత లభించుటచే, సముద్రములు దాటి వచ్చిన మేటి ఆటగాడు కొలది నిమిషములలో ఓడి ప్రేక్షకులలో కూర్చుండుట సంభవించుచునే యుండెను. న్యాయముగా బలాబలములను తూచుటకు అమెరికావారి పద్ధతియే మేలైనదని నేనును ఒప్పుకొందును. కాని నూరు యెన్‌లు వేసి ఓడి లేచిపోవుటకు అలవాటుపడినవారికి, ఒక్క ఓటమితో కథ ముగియుట అన్యాయమని తోచదు. జట్టులో మిగిలిన ఒక్కడు ఎదుటి ముగ్గురిని వరుసగా పడగొట్టినప్పుడు ఆ సభ ఎట్లు మిన్నుముట్టెడిదో, పత్రికవారు ఏటేట వెలువరించిన డీవీడీలను చూచినవారు మరువజాలరు. అంతర్జాలమున దృశ్యములు సులభముగా దొరకని ఆ దినములలో విదేశముల ఆటగాండ్రు ఆ డీవీడీలను తెప్పించుకొని పాఠ్యగ్రంథములవలె పరిశీలించెడివారు.

దైగో ఉమెహరాను స్మరింపక ఈ కథ సాగదు. 1981లో ఆవోమోరిలో జన్మించి, టోక్యో ఆటశాలలలో పెరిగి, 1998లో జపాను జాతీయ విజేతయై శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికా విజేత అలెక్స్ వాలేను ఓడించిన యీ యువకుడు, 2004 ఈవోలో జస్టిన్ వాంగ్ ప్రయోగించిన పదునైదు దెబ్బల మహాస్త్రమును, ప్రతి దెబ్బకును సరియైన క్షణమున లివరును ముందునకు నెట్టి, ఒక్కటియు తగులకుండ త్రోసిపుచ్చెను. ఈ ఘట్టమును వర్ణింపని వ్యాసము లేదు గనుక విస్తరింపను. ఆ నైపుణ్యము ఏ శిక్షణాలయమునను దొరకినది కాదనియు, నాణెములు వేసి ఓడుచు గెలుచుచు దుకాణములలో అబ్బినదనియు మాత్రము చెప్పవలసియున్నది. అంతటివాడు తరువాత ఆటను విడిచి మాజాంగ్ వైపు మరలి, అదియు విడిచి వృద్ధుల పరిచర్యాకేంద్రమున ఉద్యోగము చేసెను. ఆటతో పొట్ట నింపుకొను మార్గము నాటి జపానులో లేదు. స్ట్రీట్ ఫైటర్ 4 వచ్చిన పిమ్మట అతడు మరల రంగమెక్కి 2010లో వృత్తి ఆటగాడైనప్పుడు, ఒడంబడిక వ్రాసికొన్నది మ్యాడ్ క్యాట్జ్ అను అమెరికా సంస్థ.

ఆటతో జీవించుటకు వీలులేకుండుటకు చట్టమే కొంత హేతువు. 1985 నుండి ఆటశాలలు జపానులో పానశాలలను, జూదపు యంత్రశాలలను నియంత్రించు చట్టము క్రిందికి వచ్చినవి. అర్ధరాత్రికి తలుపు మూయవలెను, చీకటిపడిన పిమ్మట బాలురను రానీయరాదు, ఆట ఫలమునుబట్టి బహుమానమీయరాదు. వేరొక చట్టము వ్యాపారసంస్థలు ఈయదగిన పారితోషికములకు హద్దు గీసినది. కాగా తోగెకి విజేతకు దక్కినది ప్రధానముగా పేరు. ఆ పేరుకొరకు ఒక పట్టణమున ఓడినవాడు మరుసటి వారము మరియొక పట్టణపు దుకాణమున ప్రాథమిక పోటీకి పేరిచ్చెడివాడు. రైలు ఖర్చు వానిదే.

దుకాణముతో పుట్టినది దుకాణముతోనే క్షీణింపవలసి వచ్చెను. 1980 దశకమధ్యమున జపానులో 26 వేలకు పైగా నుండిన ఆటశాలలు, 2010 దశకమధ్యము నాటికి 5 వేలకు దిగువకు వచ్చినవి. గృహయంత్రములు బలపడుట, అంతర్జాలముమీద ఇంటినుండియే ప్రత్యర్థి లభించుట అందరును చెప్పు కారణములు. అంతగా చెప్పబడని కారణము ఆ నాణెమునందే యున్నది. 1989లో 3 శాతముగా మొదలైన వినియోగపు పన్ను 1997లో 5 శాతమయ్యెను, 2014లో 8, 2019లో 10 శాతమయ్యెను. అంగడిలో ప్రతి సరుకు వెలయు దానితోపాటు మారినది. ఆటయంత్రపు రంధ్రమున మాత్రము నూటమూడు యెన్‌లు వేయుటకు వీలులేదు. పెరిగిన పన్నంతయు యజమాని సంచినుండియే పోవలసి వచ్చెను. దానికితోడు కొత్త ఆటలు నెట్‌వర్కుతో ముడిపడి, ప్రతి నాణెమునుండి తయారీదారులకు భాగము చెల్లింపవలసిన పద్ధతులు వచ్చినవి. ప్రాథమిక పోటీలు జరుగవలసిన తావులే ఒకటొకటిగా తలుపులు మూయుచుండగా, వానిమీద కట్టిన శిఖరము ఎంతకాలము నిలుచును?

2012 నాటి పోటీని చీబా ప్రాంతమున ఆరుబయట నడిపిరి. సంగీతోత్సవములకు తగిన ఏర్పాటేమో గాని, తెరమీద సెకనులో అరువదియవ వంతును లెక్కించు ఆటకు వేసవి ఎండ అనుకూలించునది కాదు. నిర్వాహకుల సాహసమును మెచ్చుకొనవలసినదే. వారి వివేకమును మెచ్చుకొనజాలను. మరుసటి యేట తోగెకి జరుగలేదు. ఆర్కేడియా పత్రికయు 2015లో ఆగిపోయెను.

వారసులు లేకపోలేదు. టైటో సంస్థ 2014లో తొషిన్‌సాయి యను పేర ఆటశాలల పోటీని మరల నిలిపెను. థర్డ్ స్ట్రైక్ అభిమానులు ఐదుగురేసి జట్లతో నడుపుకొను కోఆపరేషన్ కప్, ఏ కంపెనీ ప్రకటనావసరమునకును లోబడక, కొత్త యేటి ఆరంభమున జరుగుచు వచ్చెను. టకడనోబాబాలోని మికాడో ఆటశాల పాతయాటలకు పోటీలు పెట్టి అంతర్జాలమున ప్రసారము చేయుచున్నది. 2018లో ఈవో జపాను టోక్యోలో ప్రారంభమైనది. ఆ యేడే వృత్తి ఆటగాండ్రకు అనుమతిపత్రములిచ్చు సంఘమొకటి ఏర్పడినది. ఆ పత్రమును నిరాకరించిన మోమోచి యను ఆటగాడు 2019 టోక్యో గేమ్ షోలో గెలిచి, 50 లక్షల యెన్‌ల బహుమానమునకు మారుగా 60 వేల చిల్లర మాత్రమే అందుకొనెను. 2020 ఈవో జపానులో స్మాష్ బ్రదర్స్ అను ఆట విజేతకు దక్కినది ఒక కంట్రోలరు; లోకము నవ్వినది గాని, తోగెకి కాలపువారికి అందులో వింత యేమియు తోచి యుండదు.

వారికి నిజముగా వింతయైనది 2019 ఫిబ్రవరిలో ఫుకువోకాలో జరిగిన ఈవో జపాను. లాహోరునుండి ప్రయాణపు చిక్కులన్నియు దాటుకొని వచ్చిన అర్సలాన్ ఆష్ అను యువకుడు, పేరెన్నికగన్న జపాను కొరియా వీరులుండిన టెక్కెన్ 7 పోటీలో విజేతయయ్యెను. తనయంతటివారు స్వదేశమున ఇంకను పలువురు కలరని అతడు చెప్పినప్పుడు వినయమని కొందరు, అతిశయోక్తియని కొందరు తలచిరి. పేట దుకాణమునుండి వచ్చినవానిని ఎరిగిన పాత జపానీయులు మాత్రము ఆ మాటను సందేహించి యుండరని నా నమ్మకము. ఆ ఆగస్టులోనే అతడు లాస్ వేగాస్‌లో కొరియా దిగ్గజమగు ‘నీ’ అను ఆటగానిని ఓడించి ఈవో విజేతయయ్యెను. 2023లో ఆమ్‌స్టర్‌డామ్‌లో టెక్కెన్ ప్రపంచ పర్యటన కిరీటమును గెలిచిన ఆతిఫ్ బట్ కూడ పాకిస్తానువాడే.