గుజ్జనగూళ్ళు ఎవరి ఆట?

పిల్లలు ఉత్తుత్తిగా వండుకునే అన్నానికి తెలుగులో ఓ పాత పేరుంది: గుజ్జనగూళ్ళు. 15వ శతాబ్దపు పోతన భాగవతంలో చిన్నారి రుక్మిణి బొమ్మలపెళ్ళిళ్ళు చేస్తుంది, గుజ్జనగూళ్ళు వండించి చెలులకు పెట్టిస్తుంది. గమనించారా, వండించి, పెట్టించి! రాజుగారమ్మాయి కదా, ఆటలో కూడా పొయ్యి దగ్గర వేరేవాళ్ళే. అయినా పదిమందికీ పెట్టడం ఆమెకి అప్పుడే అలవాటవుతోంది.

అదే దశమ స్కంధంలో మగపిల్లల భోజనమూ ఉంది. కృష్ణుడూ గోపబాలురూ చల్దిమూటలు విప్పి, ఊరగాయలు నంజుకుంటూ, ఒకరిది ఒకరు లాక్కుంటూ తింటారు. ఆ చల్దులు ఇంటినుంచి వచ్చినవి. అమ్మాయిలకి వంట ఆటైంది, అబ్బాయిలకి తిండి ఆటైంది. చదువుతుంటే రెండూ ముద్దొస్తాయి, పక్కపక్కన పెట్టి చూస్తే కొంచెం గుచ్చుకుంటాయి.

ఈ ఆటకి సామాను లక్కపిడతలు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో మెత్తటి అంకుడు కర్రని తిప్పుతూ చెక్కి, రంగు కలిపిన లక్క పట్టిస్తారు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. బుల్లి పొయ్యి, బిందె, తిరగలి... వీటిలో ఏదీ ఆడపిల్లల చేతికే సరిపోయేలా చెక్కింది కాదు. ఈసారి కొన్నప్పుడు, ఒక పిడత తమ్ముడి చేతికీ ఇచ్చి, అక్కకి వడ్డించమనండి.