వేడినీళ్ళ డికాక్షన్, చన్నీళ్ళ డికాక్షన్

మా అత్తగారికి చేతులు వణకడం మొదలయ్యాక మా ఇంట్లో ముందుగా మారింది కాఫీ. మసిలే నీళ్ళ గిన్నె ఎత్తి ఫిల్టర్లో పోయడం ఆవిడకి కష్టమైపోయింది. రెండుసార్లు నీళ్ళు గట్టుమీద ఒలికాక, "ఇంక నువ్వే పెట్టు అమ్మాయ్" అనేశారు. నలభై ఏళ్ళకు పైగా ఇంటిల్లిపాదికీ కాఫీ అందించిన మనిషి, పొద్దున్నే కుర్చీలో కూర్చుని నా కాఫీ కోసం ఎదురుచూస్తుంటే నాకే ఏదోలా ఉండేది. అసలు ఈ డికాక్షన్ తీసే పద్ధతి ఎలా వచ్చింది, వేడినీళ్ళు లేకుండా కుదరదా అని అప్పుడే చదవడం మొదలుపెట్టాను.

17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు మక్కా యాత్ర నుంచి తిరిగివస్తూ యెమెన్ నుంచి ఏడు కాఫీ గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. ఆ కొండలకి ఇప్పటికీ ఆయన పేరే. అయితే అరబ్బులకీ తుర్కులకీ ఫిల్టరు లేదు. పొడి నీళ్ళలో వేసి మరిగించి, మడ్డి అడుక్కి దిగాక పైతేట తాగేవాళ్ళు. మరిగేకొద్దీ చేదు పెరుగుతుందని మనకి తెలిసిందే కదా.

18వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో పొడిని గుడ్డసంచిలో కట్టి వేడినీళ్ళలో నానబెట్టడం మొదలైంది. 1800 ప్రాంతంలో పారిస్‌లో ఒకదానిమీద ఒకటి కూర్చునే రెండు గిన్నెల పాత్ర వచ్చింది. పైగిన్నె అడుగున చిల్లులు, అందులో పొడి, పైనుంచి వేడినీళ్ళు. అప్పటి పారిస్ ఆర్చిబిషప్పు ద బెలోయ్ పేరుతో దాన్ని పిలిచేవారు. అది చదవగానే మా వంటింటి ఫిల్టరే కళ్ళముందు కనిపించింది. చికోరీ కథ కూడా ఆ దేశానిదే. 1806లో నెపోలియన్ బ్రిటిష్ సరుకులు యూరప్‌లోకి రాకుండా కట్టడి చేయడంతో కాఫీ కరువై, వేయించిన చికోరీ వేరుపొడి వాడకం బాగా పెరిగింది. మనం కరువు లేకపోయినా రంగుకీ చిక్కదనానికీ దాన్ని కలుపుకుంటున్నాం.

మన ఫిల్టరు పని మీకు తెలిసిందే. పొడి వేసి, పైన బిళ్ళతో తేలిగ్గా అదిమి, నీళ్ళు పోసి పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేయాలి. గట్టిగా అదిమితే నీళ్ళు దిగవు, వదులుగా ఉంటే పలచగా జారిపోతాయి. ఆ అదుము ఎంతో ఏ పుస్తకంలోనూ ఉండదు, చేతికే తెలుస్తుంది. మొదటి డికాక్షన్ దిగాక అదే పొడిమీద మళ్ళీ నీళ్ళు పోస్తే వచ్చేది రెండో డికాక్షన్. మా పుట్టింట్లో అమ్మ ఎప్పుడూ తాగింది ఆ రెండోదే!

ఇక నాకు బాగా నచ్చిన మనిషి మెలిట్టా బెంట్స్. జర్మనీలో డ్రెస్డెన్ నగరపు గృహిణి, ఇద్దరు మగపిల్లల తల్లి. కాఫీలో మడ్డి, చేదు భరించలేక, ఇత్తడి గిన్నెకి మేకుతో చిల్లులు కొట్టి, పెద్దకొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం చింపి అందులో పరిచింది. కాఫీ తేటగా దిగింది. 1908లో ఆ వడపోతకి తన పేరున హక్కు నమోదు చేయించుకుంది. అదే డిసెంబరులో 73 ఫెనిగ్‌ల పెట్టుబడితో, అంటే చిల్లర డబ్బులతో, కంపెనీ పెట్టింది. మరుసటి ఏడు లైప్‌జిగ్ సంతలో 1,200 ఫిల్టర్లు అమ్ముడయ్యాయి. కాగితం కాఫీలోని నూనెల్ని కూడా ఆపేస్తుంది. మన లోహపు చిల్లులు వాటిని దిగనిస్తాయి, అందుకే మన డికాక్షన్‌కి ఆ చిక్కదనం.

మన రెండంతస్తుల ఫిల్టర్ని రోజూ వాడి, కొలతలు సరిదిద్దిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా రాసిలేవు. మెలిట్టా పని కూడా వంటింటి పనే, కాకపోతే ఆవిడ దాన్ని కాగితంమీద పెట్టించింది.

నేను వెతుకుతున్న జవాబు జపాన్‌లో దొరికింది. అక్కడ చన్నీళ్ళు పొడిమీద చుక్కచుక్కగా గంటలకొద్దీ పడేలా చేసి కాఫీ తీస్తారు. దాన్ని డచ్ కాఫీ అంటారు. అమెరికాలో 1964లో టాడ్ సింప్సన్ అనే ఆయన పొడిని చన్నీళ్ళలో నానబెట్టి వడగట్టే పరికరం తయారుచేశాడు. వేడినీళ్ళు నిమిషాల్లో లాగే సారం చన్నీళ్ళకి పన్నెండు గంటలైనా పడుతుంది. పులుపు, చేదు తక్కువ దిగుతాయి, ఘుమఘుమా కొంచెం తక్కువే. కెఫీన్ మాత్రం దిగుతుంది, చల్లనిదే కదా అని రెండు గ్లాసులు తాగితే నిద్ర పట్టదు.

అరకు గింజలు తెప్పించి రవ్వలా బరకగా మర పట్టించాను. ఒక కప్పు పొడికి అయిదు కప్పుల చన్నీళ్ళు. రాత్రి ఎనిమిదింటికి అత్తగారు సీసాలో రెండూ పోసి మూత పెడతారు, పొద్దున్నే పల్చటి నూలుగుడ్డలో వడగడతారు. మసిలే నీళ్ళ పనే లేదు. పాలు నేను కాస్తాను, డికాక్షన్ ఆవిడది.

మొదటిరోజు ఒక గుక్క తాగి, "వాసన తక్కువే" అని పెదవి విరిచారు. కాసేపాగి, "ఈసారి పొడి ఇంకో చెంచా వేస్తాను, నాకు వదిలెయ్" అన్నారు. ఆ కొలత ఇప్పుడు నా వంటల నోటుపుస్తకంలో ఆవిడ పేరుతోనే రాసిపెట్టాను.

మీ అమ్మగారి, అత్తగారి కాఫీ కొలత మీలో ఎవరైనా రాసిపెట్టుకున్నారా?