జాషువా గారి రెజ్యూమేలో ఏ ఉద్యోగం తీసేస్తారు?

పోయిన వారం చిలకలూరిపేట నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నాయ్, రెజ్యూమే రాస్తున్నా. ఒక్క పేజీ దాటకూడదంట. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తెలియట్లా" అన్నాడు.

ఏమేం చేశావురా అంటే చెప్పుకొచ్చాడు. డిగ్రీ చదివే రోజుల్లో రెండు సీజన్లు గుంటూరు మిర్చి యార్డులో, ఒక కమీషన్ కొట్లో గుమాస్తా పని. ఒక సీజను పత్తి జిన్నింగు మిల్లులో లెక్కలు రాయడం. ఆ తర్వాత హైదరాబాదులో నాలుగు నెలలు లోన్ రికవరీ ఫోన్లు. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలు నడిపే కంపెనీలో సూపర్‌వైజర్ పోస్టుకి అప్లై చేస్తున్నాడు.

"యార్డు అని రాస్తే మూటలు మోశాననుకుంటారు. రికవరీ అని రాస్తే జనాన్ని బెదిరించాననుకుంటారు. రెండూ తీసేస్తే పేజీలో ఏం మిగల్దు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ, ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట వదల్లేదు. ఎందుకు వదల్లేదో చివర్లో చెప్తా.

మనం చరిత్ర చెప్పుకునేవాళ్ళం కదా. వాడికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే మన జిల్లా మనిషే గుర్తొచ్చాడు. గుర్రం జాషువా గారు.

స్కూలు పుస్తకంలో పాఠానికి ముందు "కవి పరిచయం" అని చిన్న పెట్టె ఉంటుంది, గుర్తుందా? అది కూడా ఒక రెజ్యూమేనే. కాకపోతే వేరేవాళ్ళు రాసింది. 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. ఆ ఊరు అప్పుడు కృష్ణా జిల్లా, తర్వాత గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. ఫిరదౌసి, గబ్బిలం రాశారు. 1964లో క్రీస్తు చరిత్రకి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు. ఉద్యోగం సంగతికొస్తే "ఉపాధ్యాయుడు" అని ఒక్క మాట. కొన్ని చోట్ల అదీ ఉండదు.

ఇప్పుడు అసలు లిస్టు చూద్దాం. మొదట చిన్న బడిలో పంతులు పని. అది పోయింది. పొట్ట చేత పట్టుకుని రాజమండ్రి వెళ్ళారు. 1915-16లో అక్కడ చేసిన పని పేరు సినిమా వాచకుడు. ఆ మాట ఎప్పుడైనా విన్నారా?

ఫాల్కే తీసిన రాజా హరిశ్చంద్ర వచ్చింది 1913లో. అప్పటి సినిమాల్లో బొమ్మ కదులుతుంది గానీ మాట ఉండదు. అందుకని తెర పక్కన ఒక మనిషి ఉండి, బొమ్మకి తగ్గట్టు కథ చెప్తూ, పాత్రల మాటలు తనే పలుకుతూ పోవాలి. జపాన్‌లో ఇదే పని చేసేవాళ్ళని బెన్షీ అంటారు. వాళ్ళక్కడ పెద్ద స్టార్లు, జనం వాళ్ళ గొంతు కోసమే హాలుకి వచ్చేవాళ్ళు. మన దగ్గర అంత వైభవం లేదు. 1932లో భక్త ప్రహ్లాద వచ్చి తెలుగు సినిమాకి మాటలొచ్చాక ఇక ఆ పనితో అవసరమే లేకుండా పోయింది.

ఒక్కసారి ఊహించుకోండి. ఇరవై ఏళ్ళ కుర్రాడు, చీకటి హాలు, ఎదురుగా టికెట్ కొనుక్కుని వచ్చిన జనం. మాట తేలిపోతే ఈల వేస్తారు. రాత్రికి రాత్రి నేర్చుకోవాలి, ఏ మాట ఎక్కడ ఆపాలో, గొంతు ఎక్కడ పెంచాలో. తర్వాత సభల్లో ఆయన పద్యం చదివితే జనం కట్టేసినట్టు కూర్చునేవాళ్ళంటారు. ఆ రెండిటికీ సంబంధం ఉందని రుజువు చూపించలేను. ఉందనే నా నమ్మకం. కవి పరిచయంలో మాత్రం ఆ లైను ఉండదు.

తర్వాత గుంటూరులో లూథరన్ మిషన్ వాళ్ళ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళు. 1928 నుంచి 1942 దాకా తెలుగు పండితుడు. ఇవి ఏ రెజ్యూమేలో అయినా దర్జాగా కూర్చునే లైన్లు.

ఆ తర్వాతదే చిక్కు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన యుద్ధ ప్రచారకుడిగా పనిచేశారు. అంటే బ్రిటిష్ సర్కారు తరఫున జనానికి యుద్ధం గురించి చెప్పే ఉద్యోగం. అదే 1942లో దేశమంతా క్విట్ ఇండియా. జయంతి సభల్లో నేను విన్న ఉపన్యాసాల్లో ఈ ఉద్యోగం దగ్గరికి రాగానే వక్తలు గబుక్కున దాటేసి, 1957-59లో మద్రాసు రేడియోలో ప్రొడ్యూసర్ అయిన దగ్గర తేలతారు. మధ్యలో గ్యాప్! మా వాడి రికవరీ ఉద్యోగం లాగే.

దాటేయడం నాకు నచ్చదు. ఇల్లు గడవడానికి చేసిన ఉద్యోగం అది. అదే చేతితో 1941లో గబ్బిలం రాశారు. ఆకలినీ అంటరానితనాన్నీ కాశీ విశ్వనాథుడికి విన్నవించమని గబ్బిలాన్ని పంపించిన కావ్యం. రెండూ ఒకే మనిషివి. ఒకటి దాస్తే రెండోది ఎంత కష్టంలోంచి వచ్చిందో మనకి తెలియదు.

ఇంకో సంగతి. నాన్న యాదవ, అమ్మ మాదిగ. ఎన్ని ఉద్యోగాలు చేసినా, ఎంత గొప్ప పద్యం చెప్పినా, కొన్ని సభల్లో ఎదుటివాళ్ళు చూసింది ఆయన రాయని లైను ఒక్కటే: కులం. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు ఆయన కాలికి గండపెండేరం తొడిగిన రోజూ ఉంది, అవమానంతో లేచి వచ్చేసిన రోజులూ ఉన్నాయి. ఏం రాయాలో మన చేతిలో ఉంటుంది గానీ, అవతలివాడు ఏం చదువుతాడో మన చేతిలో ఉండదు. మా వాడి భయం అదే.

ఒంగోలు వైపు వెళ్తే టంగుటూరి ప్రకాశం గారు. బారిస్టరు, స్వరాజ్య పత్రిక సంపాదకుడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. ఇన్ని ఉన్న మనిషి చిన్నప్పటి సంగతి దాచుకోవచ్చు. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆ రోజుల్లో అది చిన్నచూపు చూసే పని. ఆయన మాత్రం నా జీవిత యాత్రలో దాచకుండా రాసుకున్నారు.

అలాగని అన్నీ రాసెయ్యమనీ కాదు. సుమారు 1482లో లియోనార్డో డా విన్సీ మిలాన్ పాలకుడికి పంపాలనుకున్న ఉత్తరం ఒకటి ఉంది, ప్రపంచంలో మొదటి రెజ్యూమే అని సరదాగా అంటుంటారు. అందులో వరసగా వంతెనలు, ఫిరంగులు, కోట గోడలు కూల్చే ఉపాయాలు. బొమ్మలు కూడా వేస్తానని చివర్లో ఒక ముక్క! ఎదుటివాడికి యుద్ధం అవసరం, అందుకని ఆ వరస.

ఆ లెక్కన మా వాడికి ఫోన్ చేశా. "కోల్డ్ స్టోరేజీ వాళ్ళకి నీ యార్డు పనే ముందు కావాలి కదరా. టిక్కీలు లెక్కపెట్టావు, కాంటా దగ్గర నిలబడ్డావు, తాలు కాయ వేరు చేయడం తెలుసు. పైనే పెట్టు" అన్నా. జిన్నింగు మిల్లు ఒక్క లైను చాలన్నా. రికవరీ నీ ఇష్టం, తీసేసినా తప్పు కాదు, కానీ ఆ నాలుగు నెలలూ ఇంకెక్కడో చేసినట్టు తేదీలు మార్చొద్దు, అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు అన్నా.

"నువ్వయితే ఏం చేశావు అన్నాయ్?" అన్నాడు.

నేనూ డిగ్రీ అయ్యాక ఎనిమిది నెలలు మిర్చి కొట్లో గుమాస్తాగా చేశానండీ. సాయంత్రానికి ఘాటుకి దగ్గు ఆగేది కాదు, ఇంట్లో చొక్కా విడిగా ఉతికేవాళ్ళు. మొదటి ఇంటర్వ్యూలో ఆ ఎనిమిది నెలలు ఏం చేశావని అడిగితే గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యానని చెప్పా. అప్పటికి గ్రూప్స్ పుస్తకం ఒక్కటి కూడా కొన్లేదు. ఈ సంగతి మా నాన్నకి ఇప్పటికీ తెలియదు. ఆ కొట్లో పని అడిగి పెట్టించింది ఆయనే.

మా వాడు రాత్రి రెజ్యూమే పంపించాడు. యార్డు పైన ఉంది. రికవరీ కూడా ఉంచాడు, అడుగున, నాలుగు నెలలు అని.