ఏనుగు మల్లమ్మ కొండే హార్సిలీ హిల్స్

మదనపల్లె: ‘ఆంధ్రా ఊటీ’గా పేరొందిన హార్సిలీ హిల్స్‌కు ఆ పేరు వచ్చి సుమారు నూట యాభై ఏళ్లే అయింది. అంతకు పూర్వం ఇది ఏనుగు మల్లమ్మ కొండ. మదనపల్లెకు దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, బి.కొత్తకోట మండలంలో, సముద్ర మట్టానికి 4 వేల అడుగులకు పైగా ఎత్తున ఉన్న ఈ కొండపై పూర్వం మల్లమ్మ అనే స్త్రీ నివసించేదని, అడవి ఏనుగులే ఆమెకు ఆహారం తెచ్చి పెట్టేవని స్థానికులు చెప్పుకుంటారు. కొండవాసుల రోగాలు నయం చేసిన ఆమె ఒకనాడు కనిపించకుండా పోయిందట. దేవతగా భావించి వారు గుడి కట్టారు. ఇది చరిత్రకు అందని గాథ. అయినా మల్లమ్మకు నేటికీ కొండపై పూజలు జరుగుతున్నాయి.

రెండో పేరు కడప కలెక్టరు డబ్ల్యు.డి.హార్సిలీది. చిత్తూరు జిల్లా కొండకు కడప కలెక్టరు పేరేమిటన్న సందేహం సహజం. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అప్పటి వరకు మదనపల్లె తాలూకా కడప జిల్లాలోనే ఉండేది. కడప ఎండలకు తాళలేని దొర 1870 ప్రాంతంలో ఇక్కడ వేసవి విడిది కట్టించుకున్నారు. ఆ తర్వాత రికార్డుల్లోనూ, పర్యాటక ప్రచారంలోనూ ఆయన పేరే స్థిరపడింది. విడిదికి వచ్చిన అధికారి పేరు నిలిచి, తరతరాల పేరు గుడికి పరిమితం కావడం విచారకరమే. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం అన్నమయ్య జిల్లాలో చేరినప్పుడూ కొండ పేరు మారలేదు.

ఇక్కడి చల్లదనానికి ఎత్తే కారణం. మదనపల్లె పీఠభూమే 2,200 అడుగులకు పైగా ఉండగా, కొండ అంతకు దాదాపు 1,900 అడుగులు పైన ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. ఆ లెక్కన మదనపల్లె కంటే ఇక్కడ మూడు, నాలుగు డిగ్రీలు తక్కువ. కడపలో 40 డిగ్రీలు దాటే రోజుల్లోనూ కొండపై సాయంత్రానికి చల్లగాలి వీస్తుంది.

అయితే చల్లదనం ఉన్నంత మాత్రాన ఊటీ వానలు ఆశించరాదు. ఇది కరవు సీమ నడుమ కొండ. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తాకినా కుండపోత అరుదు. పైనుంచి దిగివచ్చే ఏరు లేదు గనుక గంగోత్రి చెరువుకు వాన నీరే ఆధారం. వానలు కురిసిన ఏడాది అక్టోబరు నుంచి జనవరి వరకు కొండ పచ్చగా, ఉదయం వేళ పొగమంచుతో నిండి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో జనం ఎక్కువ, నీరు తక్కువ.