విదేశీ పాత కారు.. నిబంధనల తకరారు
* గల్ఫ్‌లో నడిపిన కారు స్వదేశానికి తెచ్చుకునే వీలు లేదు
* మిగతా దేశాల కారుకూ ధరకు రెండింతలు మించి సుంకం
* కొనక ముందే తెలుసుకుంటే నష్టం తప్పుతుంది

జగిత్యాల: ఎడారి దేశాల్లో ఏళ్ల తరబడి కష్టపడి నాలుగు రాళ్లు వెనకేసుకున్నవారికి తిరుగు ప్రయాణ వేళ ఒక ఆశ కలగడం సహజం. అక్కడ చవకగా లభించే కారును ఓడలో వేసి ఇంటికి పంపితే బాగుంటుందన్నదే ఆ ఆశ. ఉమ్మడి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన కుటుంబాల్లో ఈ ముచ్చట తరచూ వినిపిస్తుంది. అయితే దేశ దిగుమతి విధానం తెలియక ముందుగా డబ్బు చెల్లించినవారు, కారు రేవులోనే నిలిచిపోగా ఉన్నదంతా పోగొట్టుకునే ప్రమాదముంది. ఈ నేపథ్యంలో విదేశాల్లో వాడిన కారును మన దేశానికి తేవాలంటే పాటించవలసిన నిబంధనల వివరాలివి.

గల్ఫ్ కారుకు ఎందుకు వీలు లేదు?
సౌదీ అరేబియా, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ దేశాలన్నింటిలోనూ వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. అందువల్ల అక్కడి కార్లకు స్టీరింగు ఎడమవైపున ఉంటుంది. భారత్‌లో దిగుమతి చేసుకునే పాత కారుకు స్టీరింగు, ఇతర నియంత్రణలు కుడివైపునే ఉండాలని విదేశీ వాణిజ్య డైరెక్టర్ జనరల్ కార్యాలయం (డీజీఎఫ్‌టీ) నిబంధన విధించింది. ఈ ఒక్క షరతుతోనే గల్ఫ్ రోడ్లపై నడిపిన కారుకు దారి మూసుకుపోతోంది. అమెరికా, కెనడా, జర్మనీల్లో స్థిరపడిన తెలుగువారి కార్లకూ ఇదే వర్తిస్తుంది.
మోటారు వాహనాల చట్టం 1988లోని 120వ సెక్షన్ ప్రకారం, నిర్దేశించిన సంకేత పరికరం ఉంటే ఎడమవైపు స్టీరింగు గల వాహనాన్ని రోడ్డుపై నడపవచ్చు. ఈ సెక్షన్‌ను చూపి కారు తేవచ్చునని దళారులు నమ్మబలికితే మోసపోరాదు. అది వాహనం నడపడానికి సంబంధించిన నియమమే తప్ప దిగుమతికి అనుమతి కాదు.
బ్రిటన్, జపాన్, సింగపూర్, మలేసియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా దేశాల కార్లకు స్టీరింగు కుడివైపునే ఉంటుంది గనుక వాటి విషయంలో ఈ చిక్కు లేదు. దుబాయ్‌లోని 'డుకామ్జ్' స్వేచ్ఛా వాణిజ్య మండలిలో ఇతర దేశాలకు ఎగుమతి చేసేందుకు తెచ్చిన కుడి స్టీరింగు కార్లు లభిస్తాయి. కానీ వాటికీ కింది షరతులన్నీ వర్తిస్తాయి.

పాటించవలసిన షరతులు
పాత కార్ల దిగుమతిపై ఉన్న పరిమాణాత్మక ఆంక్షలను కేంద్ర ప్రభుత్వం 2001 ఏప్రిల్ 1 నుంచి తొలగించింది. వాటి స్థానంలో కఠినమైన షరతులను విధించింది. వాటిలో ప్రధానమైనవి:
* తయారైన తేదీ నుంచి కారు వయసు మూడేళ్లు మించరాదు. తొలి రిజిస్ట్రేషన్ తేదీని లెక్కలోకి తీసుకోరు.
* స్పీడోమీటరు వేగాన్ని కిలోమీటర్లలో చూపాలి. బ్రిటన్ కార్లలో మైళ్ల లెక్క ఉంటుంది గనుక దీనిని ముందుగానే సరిచూసుకోవాలి.
* హెడ్‌లైట్ల కాంతి ఎడమవైపు నడిచే రాకపోకలకు అనువుగా పడాలి.
* దిగుమతి నాటి నుంచి కనీసం అయిదేళ్ల పాటు రోడ్డుపై నడిచే స్థితిలో ఉండాలి. ఆ కాలమంతా దేశంలో సర్వీసింగు సదుపాయం ఉంటుందన్న హామీ ఇవ్వాలి.
* ఓడలోకి ఎక్కించే ముందు అక్కడి గుర్తింపు పొందిన సంస్థ వద్ద పరీక్ష చేయించి, భారత మోటారు వాహన నిబంధనలకు అనుగుణంగా ఉందన్న ధ్రువపత్రం పొందాలి.
* పాత కారును ముంబయి రేవు ద్వారా మాత్రమే దించుకోవాలి. విశాఖపట్నం, కృష్ణపట్నం, చెన్నై రేవులు మనకు దగ్గరైనా అక్కడ దించుకునే వీలు లేదు.
ముంబయి చేరిన తర్వాత కారును మరోసారి పరీక్షకు పంపుతారు. పుణెలోని ఏఆర్‌ఏఐ, అహ్మద్‌నగర్ (ప్రస్తుతం అహిల్యానగర్)లోని వీఆర్‌డీఈ వంటి సంస్థలు ఈ పరీక్షలు నిర్వహిస్తాయి. దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లో ఉన్నాయన్న సంగతిని కూడా గుర్తుంచుకోవాలి.

సుంకం లెక్క ఇదీ..
అసలు భారం సుంకం రూపంలోనే పడుతుంది. 2025 కేంద్ర బడ్జెట్‌లో పాత కార్లపై మౌలిక కస్టమ్స్ సుంకాన్ని 125 శాతం నుంచి 70 శాతానికి తగ్గించారు. అయితే దానికి తోడు 67.5 శాతం వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సును విధించారు. సాంఘిక సంక్షేమ సర్‌చార్జిని మినహాయించారు. రెండూ కలిపితే 137.5 శాతం. అంతకు ముందు సుంకం, సర్‌చార్జి కలిపినా మొత్తం ఇంతే కావడంతో కొనుగోలుదారుకు ఒరిగిందేమీ లేదు.
దీనిపై సమీకృత జీఎస్టీ అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం చిన్న కార్లకు 18 శాతం, పెద్ద కార్లకు 40 శాతం పన్ను పడుతుంది. పెట్రోలు కారైతే ఇంజిను సామర్థ్యం 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపు, పొడవు 4 మీటర్ల లోపు ఉంటేనే చిన్న కారుగా పరిగణిస్తారు.
ఉదాహరణకు కస్టమ్స్ అధికారులు రూ.10 లక్షలుగా విలువ కట్టిన పెద్ద కారు లెక్క ఇలా ఉంటుంది.
మౌలిక సుంకం (70 శాతం): రూ.7 లక్షలు
సెస్సు (67.5 శాతం): రూ.6.75 లక్షలు
ఇంతవరకు మొత్తం: రూ.23.75 లక్షలు
దానిపై జీఎస్టీ (40 శాతం): రూ.9.50 లక్షలు
రేవు దాటేసరికి కారు ఖరీదు: రూ.33.25 లక్షలు
అంటే రూ.10 లక్షల కారుకు రూ.23.25 లక్షల పన్ను. అదే చిన్న కారైతే మొత్తం రూ.28 లక్షల పైచిలుకు అవుతుంది. ఏజెంటు రుసుము, పరీక్షల ఖర్చు, ముంబయి నుంచి ఇంటికి రవాణా, ఇక్కడ చెల్లించవలసిన జీవితకాల పన్ను వీటికి అదనం.
కొన్న రసీదులోని ధరనే అధికారులు అంగీకరిస్తారని భావించరాదు. కొత్తగా ఉన్నప్పటి ధర నుంచి వయసును బట్టి తరుగుదల తీసివేసి, ఓడ రవాణా చార్జీ, బీమా కలిపి విలువ నిర్ణయించే పద్ధతి ఉంది. మిత్రుడి వద్ద తక్కువకు కొన్నా సుంకం తగ్గకపోవచ్చు.

సామాన్లతో పాటు తేవచ్చా?
శాశ్వతంగా తిరిగి వచ్చేవారికి గృహోపకరణాలపై కొంత రాయితీ లభిస్తుంది. కారుకు అది వర్తించదు. కస్టమ్స్ చట్టం 1962 ఇచ్చిన నిర్వచనం ప్రకారమే మోటారు వాహనం ప్రయాణికుడి సామాను కిందికి రాదు. అందువల్ల పూర్తి సుంకం చెల్లించవలసిందే. పర్యాటకులు 'కార్నె' అనే పత్రంపై సుంకం లేకుండా వాహనం తెచ్చినా, గడువులోగా దానిని తిరిగి తీసుకువెళ్లాలి. ఇక్కడ అమ్మరాదు.

రేవులో ఆలస్యమైతే..
సరుకు దించిన 30 రోజుల్లోగా విడిపించుకోకపోతే, యజమానికి నోటీసు ఇచ్చి దానిని విక్రయించే అధికారం చట్టంలోని 48వ సెక్షన్ కింద ఉంది. ఈలోగా రోజుకింత చొప్పున డెమరేజీ పెరుగుతుంది. షరతులకు విరుద్ధంగా తెచ్చిన కారును 111వ సెక్షన్ కింద జప్తు చేయవచ్చు. జరిమానా కూడా విధించవచ్చు. అందువల్ల పత్రాలన్నీ సిద్ధమయ్యాకే కారును ఓడ ఎక్కించడం ఉత్తమం.

ఇక్కడ కొనేవారికీ ముప్పు
సొంతంగా దిగుమతి చేసుకోకపోయినా, 'విదేశీ కారు సగం ధరకే' అన్న మాటలు నమ్మి ఇక్కడ కొన్నవారు సైతం చిక్కుల్లో పడుతున్నారు. కార్ల విలువను తక్కువగా చూపి సుంకం ఎగవేశారన్న ఆరోపణపై హైదరాబాద్‌కు చెందిన ఒక విలాస కార్ల వ్యాపారిని 2025 మే నెలలో డీఆర్‌ఐ అధికారులు అరెస్టు చేశారు. అమెరికా, జపాన్ కార్లను దుబాయ్, శ్రీలంకలకు చేర్చి, స్టీరింగును కుడివైపునకు మార్పించి తెచ్చారన్నది అభియోగం. అదే ఏడాది సెప్టెంబరులో భూటాన్ మీదుగా అక్రమంగా వచ్చిన కార్ల కోసం కేరళలో కస్టమ్స్ శాఖ 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' పేరిట సోదాలు జరిపింది. కారు చేతులు మారినా, సుంకం ఎగవేత బయటపడితే జప్తు ముప్పు ప్రస్తుత యజమానిదే. కనుక దిగుమతి అయిన కారు కొనేముందు కస్టమ్స్ 'బిల్ ఆఫ్ ఎంట్రీ', సుంకం చెల్లించిన రసీదు అడిగి తీసుకోవాలి. అందులోని ఇంజిను, ఛాసిస్ నంబర్లను కారుపై ఉన్న వాటితో సరిపోల్చాలి. రవాణా శాఖ కార్యాలయంలో తొలి రిజిస్ట్రేషన్‌కు కస్టమ్స్ క్లియరెన్స్ ధ్రువపత్రం తప్పనిసరి.

కొనక ముందు గుర్తుంచుకోవలసినవి
* తయారీ నెల, సంవత్సరాన్ని ఛాసిస్ నంబరు ఆధారంగా నిర్ధారించుకోవాలి. ఓడ ప్రయాణానికి పట్టే రోజులను కూడా మూడేళ్ల లెక్కలో కలుపుకోవాలి.
* కారుపై బ్యాంకు రుణం ఉంటే పూర్తిగా తీర్చిన పత్రం, అక్కడి రిజిస్ట్రేషన్ రద్దు చేసిన పత్రం, ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి.
* 2024 ఏప్రిల్‌లో యూఏఈలో కురిసిన రికార్డు వర్షాలకు వేలాది కార్లు నీట మునిగాయి. అలాంటి కారు కాదని మెకానిక్‌తో పరీక్ష చేయించాలి.
* సుంకం రేట్లు బడ్జెట్‌తో మారవచ్చు. డబ్బు చెల్లించే ముందు ముంబయిలోని లైసెన్సు గల కస్టమ్స్ బ్రోకరుతో రాతపూర్వకంగా లెక్క వేయించుకోవాలి.

గల్ఫ్‌లో ఉన్నవారికి మిగిలిన దారి ఒక్కటే. కారును అక్కడే మంచి ధరకు అమ్మి, ఆ డబ్బును బ్యాంకు ద్వారా స్వదేశానికి పంపుకోవాలి. ఆ సొమ్ముతో ఇక్కడే, ఇక్కడి రోడ్లకు తగిన, ఇక్కడి మెకానిక్ బాగుచేయగల కారు కొనుక్కోవచ్చు. కష్టార్జితం సుంకం పాలు కాకుండా కుటుంబానికి మిగులుతుంది.