ఏడవని పాపాయి

"ఎంత బుద్ధిమంతురాలో! ఏడుపన్న మాటే లేదు, పడుకోబెడితే పడుకున్నట్టే ఉంటుంది" అని మురిసిపోని అమ్మమ్మను నేనింతవరకూ చూడలేదు. చాలామంది పిల్లల విషయంలో ఆ మెప్పులో తప్పేమీ లేదు. కానీ పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి పనిచేయని పిల్లలూ అచ్చం ఇలాగే ఉంటారని చదివినప్పుడు నా గుండె గుభేలుమంది.

పుట్టగానే చూస్తే ఏ లోపమూ కనబడదు. కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి నుంచి కొంత హార్మోను అందుతుంది మరి. ఆ తర్వాతే కామెర్లు ఓ పట్టాన తగ్గకపోవడం, విరేచనం కాకపోవడం, బొడ్డు ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం. ఇవన్నీ కలిసి అనుమానం కలిగించేసరికి వెనకటి రోజుల్లో నెలలు గడిచిపోయేవి. మెదడు అన్నాళ్లు ఆగదు కదా!

చిత్రమేమిటంటే, మందు ఎప్పుడో వచ్చింది. 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసం ఇంజెక్షన్లు ఇస్తే జబ్బుపడిన ఒకావిడ కోలుకుని, మరో 28 ఏళ్లు బతికింది. 1927 నాటికి థైరాక్సిన్‌ను ప్రయోగశాలలోనే తయారుచేశారు. ఆలస్యంగా మందు పడిన పిల్లలు పొడుగయ్యేవారు, చురుగ్గా తిరిగేవారు. పోయిన తెలివి మాత్రం తిరిగి వచ్చేది కాదు. మందు చేతిలో ఉండీ ఎందరు తల్లులు ఆ దుఃఖం అనుభవించారో!

చివరికి దారి చూపింది ఒక కాగితం ముక్క. అమెరికాలో రాబర్ట్ గత్రీ కొడుకుకి బుద్ధి ఎదుగుదల తక్కువ. భార్య తోడబుట్టినావిడ కూతురిదీ అదే కష్టం, ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు వల్ల. ఆ జబ్బును ముందే పట్టుకోవాలని 1960ల మొదట్లో ఆయన పసిబిడ్డ మడమ గుచ్చి, నాలుగు రక్తపు చుక్కలు వడపోత కాగితం మీద ఆరబెట్టి పరీక్షించాడు. కెనడాలోని క్విబెక్‌లో డాక్టర్ డ్యూసో అలాంటి ఎండు చుక్కలోనే థైరాయిడ్ హార్మోనును కొలిచి చూపించాడు. 1974 నుంచి అక్కడ పుట్టిన పిల్లలకి ఆ పరీక్ష మొదలైంది. మూడు నాలుగు వేలమందికి ఒకరు బయటపడ్డారు. మన దేశంలో, హైదరాబాదుతో సహా అయిదు నగరాల్లో లక్షమందికి పైగా పసివాళ్లను పరీక్షిస్తే, రమారమి 1100 మందికి ఒకరు తేలారు! అయినా ఇంకా అన్ని ఆస్పత్రుల్లోనూ ఈ పరీక్ష లేదు.

తేలితే చేయాల్సింది కొంచెమే. రోజూ చిన్న మాత్ర నలిపి, కాసిని తల్లిపాలలో కలిపి, చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టడం. రెండు వారాల లోపే మొదలుపెడితే ఆ బిడ్డ అందరి పిల్లల్లాగే బడికెళుతుంది.

నెలలు నిండని పిల్లల సంగతి వేరు. ఇప్పుడు ఎక్కువగా చూసేది టి.ఎస్.హెచ్. అంటే, థైరాయిడ్ నిద్రపోతుంటే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి వేసే కేక అన్నమాట. తొందరపడి పుట్టిన బిడ్డలో ఆ పిట్యూటరీకీ ఇంకా గొంతు పెగలదు. మొదటి పరీక్షలో అంతా బాగానే ఉందని వస్తుంది, కొన్ని వారాలకి అసలు సంగతి తెలుస్తుంది. అందుకే డాక్టర్లు మళ్లీ రక్తం తీయాలంటారు. అమ్మమ్మలు ఊరుకుంటారా? "గుప్పెడంత పిల్ల, ఒకసారి గుచ్చారు కదర్రా, మళ్లీ ఎందుకూ!" అంటారు.

గుచ్చనివ్వండి.